ఫ్యాన్ ఐదులోనే ఉండనివ్వండి

"నాకు 47. ఏడాదిగా నెలసరి సరిగా రావడం లేదు. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర లేదు, ఊరికే కోపం. గర్భసంచి తీయించేసుకో, పీడా వదిలిపోతుంది అంటోంది మా ఆడపడుచు. తీయించుకోనా?" అని అడిగారు.

వద్దమ్మా. మీరు రాసిన బాధలకు ఆ ఆపరేషన్ మందు కాదు. ఈ వయసులో అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ హెచ్చుతగ్గులై, క్రమంగా తగ్గిపోతుంది. ఆవిర్లు అందుకే. గర్భసంచి తీస్తే అవి ఆగవు. అండాశయాలు కూడా తీసేస్తే ఆవిర్లు ఒక్కసారిగా పెరుగుతాయి, ఎముకలూ త్వరగా గుల్లబారతాయి. ఈ ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ముందున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. నాకు కడుపు తరుక్కుపోతుంది. గైనకాలజిస్టుకి చూపించుకుని, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. ఆవిర్లు భరించలేనంతగా ఉంటే మందులున్నాయి. హార్మోన్ మాత్రలు అందరికీ పడవు, డాక్టరే చెప్పాలి. రక్తస్రావం బాగా ఎక్కువైనా, ఏడాదిపాటు పూర్తిగా ఆగి మళ్లీ కనిపించినా మాత్రం ఆలస్యం చేయకండి.

ఇక మీరు అడగని సంగతి. ఉత్తరం చివర ఇలా రాశారు: "అర్ధరాత్రి జాకెట్టంతా తడిసి మెలకువ వస్తుంది. ఫ్యాన్ ఐదులో పెడితే ఆయన చలంటూ లేచి రెండుకి తగ్గిస్తారు. నేను దిండు తీసుకుని వెళ్లి వంటింటి గచ్చు మీద పడుకుంటాను."

ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇరవై నాలుగేళ్ల కాపురం మీది. ఆయన బీపీ మాత్ర ఏ పూట వేసుకోవాలో మీకు తెలుసు. పక్కన మనిషి ఎందుకు లేచి వెళ్లిందో ఆయనకు తెలియదు. మీరు చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆడపడుచుతో చెప్పుకోగలిగినది భర్తతో చెప్పడానికి సిగ్గేమిటి? ఆ కోపం అంతా హార్మోన్లదే అంటే నేను ఒప్పుకోను. అందులో సగం ఆ గచ్చు మీద పడుకున్న రాత్రులది.

"మా అమ్మ ఓర్చుకుంది కదా" అన్నారు. ఓర్చుకుంది, ఎవరూ అడగలేదు కాబట్టి. మీ అమ్మాయికి కూడా అదే నేర్పిస్తారా?

రేపు పొద్దున ఆయన కాఫీ తాగుతున్నప్పుడు ఎదురుగా కూర్చుని, ఒంట్లో ఏం జరుగుతోందో నెలసరి మాటతో సహా విడమరిచి చెప్పండి. డాక్టరు దగ్గరికి ఆడపడుచును కాదు, ఆయన్నే తీసుకెళ్లండి. రాత్రికి ఆయన పక్కన ఒక దుప్పటి పెట్టండి. ఫ్యాన్ ఐదులోనే ఉండనివ్వండి.