నాటాల్‌కు బయలుదేరే ముందు తమ్ముడికి, మరదలికి

కర్నూలు

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి, మరదలికి,

వందనాలు. దక్షిణాఫ్రికాలోని నాటాల్ సంఘం నుంచి మీకు ఆహ్వానం వచ్చిందని తెలిసి మీ బావగారూ నేనూ ఎంతో సంతోషించాం. ఉద్యోగాలు ముగిశాక భార్యాభర్తలు కలిసి పరిచర్యకు వెళ్ళడం అందరికీ దొరికే భాగ్యం కాదు. మేము వెళ్ళివచ్చిన చోటికే మీరూ వెళ్తున్నారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది.

మొదట ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మీరు అక్కడికి దేవుణ్ణి తీసుకెళ్ళడం లేదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షన్నరకు పైగా మన దేశస్థులను కూలి ఒప్పందం మీద ఓడల్లో తీసుకెళ్ళి, ఎక్కువమందిని చెరకు తోటల్లో పనికి పెట్టారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసమే 1903లో తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సొసైటీ జాన్ రంగయ్య గారిని కుటుంబంతో సహా నాటాల్‌కు పంపింది. ఆయన అక్కడి కియర్స్‌నీ అనే చోట తేయాకు తోటల కూలీల మధ్య సంఘం కట్టి, 1915లో ఆ దేశంలోనే కన్నుమూశారు. అంటే మన గుత్తిలో కరెంటు దీపం వెలగకముందే అక్కడ తెలుగులో ప్రార్థన జరిగింది. ఆ ప్రార్థన చేసినవాళ్ళ మునిమనవలు, వాళ్ళ పిల్లలే ఇప్పుడు మిమ్మల్ని పిలుస్తున్నారు. వాళ్ళ విశ్వాసం చెరకు చేలలో ఎండకు కాలి, వర్ణవివక్ష కింద నలిగి నిలిచినది. దాని ముందు తల వంచి లోపలికి వెళ్ళండి.

తమ్ముడూ, నువ్వు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినవాడివి. గదిలో అడుగుపెట్టగానే ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఏ బల్ల వంకరగా ఉందో నీ కంటికి ముందు కనబడుతుంది. ఆ చూపును గుత్తిలోనే ఉంచి వెళ్ళు. మొదటి కొన్ని నెలలు ఏ కమిటీలోనూ సలహా ఇవ్వవద్దు. అడిగినా, "మీరు ఇదివరకు ఎలా చేసేవారు?" అని తిరిగి అడుగు. అక్కడి ఆరాధన చాలావరకు ఇంగ్లీషులో సాగుతుంది. యువతకు తెలుగు రాదు. పాత కీర్తనలను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. ఉచ్చారణ తప్పితే సరిదిద్దకు. నువ్వు సరైన స్వరంతో పక్కన నిలబడి పాడితే చాలు, రెండు మూడు ఆదివారాల్లో వాళ్ళే అందుకుంటారు. తెలుగు పోగొట్టుకున్నారని ఎవరినీ నిందించవద్దు. బడిలో తెలుగు లేని దేశంలో, తోట యజమాని మాటే బతుకైన కాలంలో, ఆ నాలుగు కీర్తనలు మిగుల్చుకోవడమే గొప్ప.

మీకు అప్పగించే పని మీరు ఊహించినట్టు ఉండదు. ప్రసంగం అప్పుడప్పుడే వస్తుంది. మిగతా రోజుల్లో మీ పని ఇళ్ళకు వెళ్ళడం, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చోవడం, ఒంటరి వృద్ధురాలికి మందుల దుకాణం నుంచి సరుకు తెచ్చి ఇవ్వడం, ఎవరో చనిపోయిన ఇంట్లో టీ కాచడం. ఇది తక్కువ పని అనిపించే రోజులు వస్తాయి. మన అనంతపురంలో పేదల కోసం పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ గారినీ, ఆయన భార్య ఆన్ గారినీ జనం ఎందుకు తలచుకుంటారో మీకు తెలుసు. 1969 నుంచి 2009లో కన్నుమూసే వరకు ఆయన ఆ కరువు నేలలోనే ఉండిపోయారు. జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి పేరు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్ళ ముఖం మారుతుంది. ఎవరి ప్రసంగమూ వాళ్ళకు గుర్తులేదు. తమ బిడ్డ జ్వరంతో ఉన్న రాత్రి ఎవరు మేల్కొని ఉన్నారో గుర్తుంది.

మరదలా, ఇది నీకు. నర్సుగా నీ చేతికి అలవాటైన పని అక్కడ చేయడానికి చట్టం ఒప్పుకోదు. ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు లేకుండా ఇంజక్షన్ ఇవ్వకూడదు, ఎంత బతిమాలినా మాత్ర మార్చమని చెప్పకూడదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకో, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళు. ఇంకో మాట. జంటగా పంపినప్పుడు సంఘాలు మగవాడికి పని అప్పగించి, ఆడదానికి వంటిల్లు వదిలేయడం ఎన్నోచోట్ల చూశాను. దానికి మొదటి వారంలోనే అడ్డు చెప్పాలి, అదీ నీ భర్తే చెప్పాలి. తమ్ముడూ, విన్నావా? ఆహ్వాన పత్రంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. స్త్రీల కూటమిలోనో, పిల్లల బడిలోనో ఆమెకంటూ ఒక పని, ఆమెకంటూ కొందరు మనుషులు ఉండాలి.

మీ ఇద్దరి సంగతీ చెప్పాలి. ఇన్నేళ్ళూ నువ్వు బడికి, ఆమె ఆసుపత్రికి వెళ్ళి సాయంత్రం కలుసుకున్నారు. అక్కడ రెండు గదుల ఇంట్లో రోజంతా ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. పరాయి ఊరిలో కోపం వస్తే వెళ్ళి కూర్చోవడానికి అక్క ఇల్లు ఉండదు. అందుకని వారంలో ఒక రోజు సంఘానికి ఇవ్వకుండా మీ కోసం ఉంచుకోండి. ఆ రోజు సముద్రం ఒడ్డున నడవండి. పీటర్‌మారిట్జ్‌బర్గ్ వెళ్ళి, 1893లో గాంధీ గారిని రైల్లోంచి దింపేసిన స్టేషను చూడండి. సెలవు పెట్టి డ్రేకెన్స్‌బర్గ్ కొండలకు వెళ్ళండి. సేవకు వచ్చి తిరుగుతున్నారని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. అలసిన మనిషి ఇంకొకరి దుఃఖాన్ని వినలేడు.

పిల్లలతో మాట్లాడటానికి మన గడియారం మూడున్నర గంటలు ముందుంటుందని గుర్తుపెట్టుకోండి. గుత్తిలో రాత్రి ఎనిమిది అయితే అక్కడ సాయంత్రం నాలుగున్నర. ఒక వేళ పెట్టుకుని మాట్లాడి, తర్వాత ఫోను పక్కన పెట్టండి. ఒళ్ళు అక్కడ, మనసు ఇక్కడ ఉంటే మీ పక్కింటివాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు. విహారయాత్ర వీసా తీసుకుని పరిచర్య చేయడం అబద్ధంతో మొదలుపెట్టడమే. ఏ సంఘం పిలిచింది, ఎంతకాలం, ఏం చేస్తారు అన్నది దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి. పోలీసు ధ్రువపత్రానికి ముందే దరఖాస్తు పెట్టండి. పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి. దారిలో అడిస్ అబాబాలోనో నైరోబీలోనో విమానం మారేటట్టయితే ఎల్లో ఫీవర్ టీకా సంగతి ముందుగా కనుక్కోండి. టీకా వేసుకున్న పది రోజులకు గానీ ఆ పత్రం చెల్లదు. అరవై దాటినవాళ్ళకు ఆ టీకాతో ప్రమాదం కొంచెం ఎక్కువ కాబట్టి మీ డాక్టరును అడగకుండా వేసుకోవద్దు, వీలైతే వేరే దారి టిక్కెట్టు తీసుకోండి. బి.పి., షుగరు మాత్రలు వాటి అట్టల్లోనే ఉంచి, డాక్టరు చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. కంపెనీ పేర్లు అక్కడ వేరు.

బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ కోసం మన దేశపు ఫోను నంబరు బతికి ఉండాలి. రోమింగ్ పెట్టించుకోండి. పింఛనుకు జీవన ప్రమాణ పత్రం పరాయి దేశం నుంచి ఎలా ఇవ్వాలో ఖజానా కార్యాలయంలో ఇప్పుడే అడగండి. డర్బన్‌లో మన కాన్సులేట్ ఉంది, అవసరమైతే అక్కడికి వెళ్ళవచ్చు. ఖాతాల వివరాలు ఇద్దరికీ తెలియాలి. మరదలా, "ఆయన చూసుకుంటారు" అనవద్దు.

బంగారం వెంట తీసుకెళ్ళవద్దు. చీకటి పడ్డాక నడవవద్దు. చిన్న వ్యాన్ల టాక్సీలు చేతి సైగలతో ఆగుతాయి, ఒక్కో దారికి ఒక్కో సైగ. అవి అక్కడివాళ్ళకు అలవాటు, మీరు మాత్రం సంఘంవాళ్ళ కారులోనే వెళ్ళండి. జులూ భాషలో కనీసం పలకరింపు నేర్చుకోండి: సావుబోనా అంటే యెబో అనాలి, కృతజ్ఞతకు సియాబొంగా. భారతీయుల వీధి దాటి అవతలివాళ్ళతో మాట్లాడని మిషనరీని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

తిండి గురించి దిగులు వద్దు. మొక్కజొన్న పిండితో పొడిపొడిగా వండే ఫూతూ, పులిసిన పాలు అమాసీతో కలిపి తింటే సంగటి, మజ్జిగ తిన్న కడుపుకు ఇబ్బంది ఉండదు. మాబెలే అనే జొన్నపిండి గంజికి బాగుంటుంది. చేమదుంపలు, కరివేపాకు దొరుకుతాయి. డర్బన్ గాలిలో తేమ ఎక్కువ. మన పొడి ఎండకు అలవాటైన పచ్చళ్ళకు అక్కడ బూజు వస్తుంది, పప్పుల పొడి తీసుకెళ్ళండి. అక్కడ క్రిస్మస్ వేసవిలో వస్తుంది, చలి జూన్, జూలైలో. ఒక్కొక్కరికి ఒక స్వెట్టరు చాలు. మన ఫ్రిజ్‌లకు ఉండే పెద్ద మూడు పిన్నుల ప్లగ్గే అక్కడ సాధారణం.

ఇప్పుడు ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని విషయం. మీరు అక్కడ ఉండగా అమ్మకు ఏదైనా జరిగితే ఏం చేస్తారు? ఇద్దరూ వస్తారా, ఒకరే వస్తారా? బయలుదేరేలోగా అమ్మ పక్కన కూర్చుని ఆమె చేతే చెప్పించుకోండి. మీ ఇద్దరిలో ఒకరికి అక్కడ ఏదైనా జరిగితే? గుత్తిలో పుట్టిన మనకు ఇది కొత్త కథ కాదు. 1827లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో పత్తికొండలో కలరాతో చనిపోతే మన గుత్తిలో సమాధి చేశారు, తర్వాత ఆ అవశేషాలను మద్రాసుకు తరలించారు. స్వదేశం వెళ్ళిపోదామని సిద్ధమవుతున్న మనిషి ఆయన. కాబట్టి బీమా తీసుకునేటప్పుడు ఆసుపత్రి ఖర్చుతో పాటు, దేహాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా ఉందో లేదో చూడండి. అక్కడే సమాధి చేయమంటారో, ఇక్కడికి తీసుకురమ్మంటారో పిల్లలకు రాసి ఇవ్వండి. మేమూ రాసి ఇచ్చే వెళ్ళాం. రాసిన రాత్రి మీ బావగారికి నిద్ర పట్టలేదు, కానీ అక్కడ ఆయనకు జ్వరం వచ్చిన ప్రతిసారీ నాకు ఆ కాగితం ధైర్యం ఇచ్చింది.

ఇక్కడి సంఘాలకు ఉత్తరాలు రాసేటప్పుడు వాళ్ళ పేదరికాన్ని వర్ణించవద్దు. తల్లిదండ్రుల్ని అడగకుండా పిల్లల ఫోటోలు పంపవద్దు. మన తాతల ఫోటోలు ఏ దేశంలో ఏ పత్రికలో ఏ పేరుతో అచ్చయ్యాయో మనకు ఎవరూ చెప్పలేదు. ఆ లోటు తెలిసిన మనం ఇంకొకరికి అదే చేయకూడదు. మీరు రాసిన ఉత్తరాన్ని వాళ్ళకే చదివి వినిపించగలరా అని చూసుకుని పంపండి.

వచ్చే శనివారం ఇద్దరూ కర్నూలు రండి. ఆహ్వాన పత్రం, పాస్‌పోర్టులు, బీమా కాగితాలు తీసుకురండి. బావగారు ఒక్కొక్క పేజీ మీతో కూర్చుని చదువుతానంటున్నారు. ఆదివారం మా చర్చిలో మీ కోసం ప్రార్థిస్తారు, సోమవారం ఉదయం బస్సుకు వెళ్ళవచ్చు.

ప్రేమతో,
మీ అక్క