గీత గీసే ముందు ఊళ్లోకి వెళ్లు

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. అనకాపల్లి నుంచి పెందుర్తి, ఆనందపురం మీదుగా విజయనగరం దాకా వేయబోయే 220 కేవీ (కిలోవోల్టుల) కరెంటు లైను సర్వే నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ డ్రాయింగు కింద మన ఇంటి పిల్ల సంతకం ఉంటుందనుకుంటే కళ్లు చెమర్చాయి. వెంటనే గుబులు కూడా పట్టుకుంది. అందుకే రాస్తున్నాను.

రైల్వే, జాతీయ రహదారి, అటవీ శాఖ, విమానాశ్రయాల అనుమతులు నీకు తెలిసినవే. ముందుగా దరఖాస్తులు పెట్టు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లైను దారి ఖరారై, గుర్తుగా కొయ్యలు కూడా పాతేశాం. ఒక పెద్దమనిషి లేఅవుట్‌కు అడ్డం వస్తోందని మా పై అధికారి ఆఫీసులో కూర్చుని, పటం మీద స్కేలు పెట్టి ఒక మలుపును పక్కకు జరిపారు. పటం మీద అది వేలెడంత కూడా లేదు. నేల మీద మాత్రం లైను మలుపు తిరిగేచోట నిలిపే ఆ యాంగిల్ టవరు వెళ్లి, భర్త పోయిన ఒకావిడ జీడితోటలో, బావి పక్కన పడింది. చెట్లు కొట్టడానికి మనుషులు వచ్చిన రోజునే ఆమెకు సంగతి తెలిసింది. అడ్డుపడితే కలెక్టరు ఉత్తర్వు తెచ్చి, పోలీసులను పెట్టి పని ముగించారు. గడువులోపే లైనులోకి కరెంటు వదిలినందుకు అధికారికి మెచ్చుకోలు దక్కింది.

ఆ తర్వాత ఆ ఊరివాళ్లు మా లైన్‌మన్లను పొలిమేర దాటనివ్వలేదు. తీగల కింద ఎదిగిన కొమ్మలు నరకనివ్వలేదు. చెరకు చెత్త తగలబెట్టేటప్పుడు కబురు పెట్టేవారు కాదు; మంట పైకి లేచి లైను ట్రిప్ అయి కరెంటు పోయేది. గాలివాన వస్తే చాలు, పట్నం చీకటైపోయేది. పక్క ఊళ్లో ముందే కూర్చుని మాట్లాడి వేసిన టవర్ల దగ్గర మాత్రం తీగ మీద కొబ్బరిమట్ట పడినా రైతులే సబ్‌స్టేషన్‌కు వచ్చి చెప్పేవారు.

కాబట్టి చట్టం నీ పక్షాన ఉందని ధీమా పడకు. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద పాత టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు దక్కితే, భూమి సేకరించకుండానే టవరు వేయవచ్చు. భూమి రైతు పేరునే ఉంటుంది, తోట మాత్రం పోతుంది. తీగల కింద 35 మీటర్ల వెడల్పు పట్టీ, అంటే కారిడార్, అరెకరం రైతుకు బతుకే. కేంద్రం 2015లో టవరు కింది నేలకు భూమి విలువలో 85 శాతం, కారిడార్‌కు 15 శాతం వరకు పరిహారం ఇవ్వమంది. 2024లో వాటిని 200, 30 శాతానికి పెంచింది. మన దగ్గర ఏ లెక్క వర్తిస్తుందో కాగితం మీద తీసుకున్నాకే ఊళ్లో అడుగుపెట్టు. ప్రభుత్వం ఇచ్చిన భూమి సాగుచేసే డీ-పట్టా రైతును, సొంత భూమి ఉన్న జిరాయితీ రైతుకంటే తక్కువగా చూడకు. గ్రామసభలో మాట్లాడేది మగవాళ్లే. తోటల్లో పని చేసే ఆడవాళ్లను ఇళ్లకు వెళ్లి అడుగు. అది నీకు మా కంటే బాగా చేతనవుతుంది.

ఇంకొకటి, గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటు లేక బిందెలతో నీళ్లు మోసుకున్న రోజులు నీకూ గుర్తుండాలి. విశాఖకు ప్రమాణం చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. డిజైను దానికి సరిపోతోందని ఊరుకోకు. ఖర్చు తగ్గుతుందని పాత లైను పక్కనే కొత్తది వేయమంటారు. ఒప్పుకోకు. ఒకే కొండవాలున ఉన్న రెండూ ఒకే గాలికి పోతాయి. సముద్రం వైపు, తీగను టవరుకు తగలకుండా పట్టి ఉంచే ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది, వాటిని కడగడానికి మనుషులు వెళ్లగలగాలి. టవరు కూలితే క్రేను వెళ్లే దారి ఉందో లేదో ప్రతి పాయింటు దగ్గరా నిలబడి చూడు. నా భయం కాస్త ఎక్కువే కావచ్చు, అయినా విను.

టోపీ కూడా లేకుండా ఎండలో కొండలెక్కుతున్నావట. ఏమిటా మొండితనం? బూట్లు, నీళ్లు, తోడుగా ఆ ఊరి మనిషి లేకుండా కదలకు. తోటల్లో పాములుంటాయి తల్లీ. పటం సిద్ధమయ్యాక ఒక ఆదివారం ఇంటికి రా. మీ అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంది. మలుపులన్నీ ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య,
సీతమ్మధార, విశాఖపట్నం