అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్ కెరీర్ ఎలా ఉంటుంది? అందరూ చివరికి హెడ్ కోచ్ అవుతారా?

అవ్వరు. చాలామంది ఆడటం ముగించి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే పీజీ చదువుతూనే కోచ్‌లకు సాయపడే మనిషిగా, మొదలుపెడతారు. చేతికొచ్చేది తక్కువ, చాకిరీ ఎక్కువ. ప్రత్యర్థి పాత మ్యాచ్‌ల వీడియో చూసి, వాళ్ల ఎత్తుగడలను కార్డుల మీద గీసి, ప్రాక్టీసులో రెండో వరస ఆటగాళ్లకు చూపించాలి. తర్వాత లైన్‌బ్యాకర్ల (డిఫెన్స్‌లో ముందు వరస వెనక నిలబడేవాళ్లు) లాంటి ఒక విభాగానికి కోచ్, ఆపైన డిఫెన్స్‌కో అఫెన్స్‌కో మొత్తం బాధ్యత చూసే కోఆర్డినేటర్. మధ్యలో హైస్కూల్ కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి మా కాలేజీకి పంపమని తల్లిదండ్రులను ఒప్పించే పని ఎటూ తప్పదు.

అసలు టెన్షన్ వేరే. హెడ్ కోచ్‌ని తీసేస్తే కొత్తగా వచ్చినాయన సాధారణంగా తన మనుషులను తెచ్చుకుంటాడు. పాతవాళ్లు పెట్టేబేడా సర్దుకోవాల్సిందే. అందుకే ఎవరి వెంట నడిచామన్నది ప్రతిభతో సమానంగా లెక్కకొస్తుంది.

డిఫెన్స్ కోచ్ బడ్ ఫాస్టర్‌నే చూడండి. ముర్రే స్టేట్ యూనివర్సిటీలో ఆడి, అక్కడే హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్ దగ్గర పని నేర్చుకున్నాడు. 1987లో బీమర్ వర్జీనియా టెక్ యూనివర్సిటీకి వెళ్తే వెంట వెళ్లాడు. 1995 నుంచి 2019 దాకా అక్కడి డిఫెన్స్ ఆయన చేతిలోనే ఉంది. గని కార్మికుల తరహా లంచ్ డబ్బా ఒకటి ఆ డిఫెన్స్‌కు గుర్తుగా మారింది, మ్యాచ్‌లకూ మోసుకెళ్లేవారు. 2006లో దేశంలో ఉత్తమ అసిస్టెంట్‌కిచ్చే బ్రాయల్స్ అవార్డు వచ్చింది. 2015 సీజన్‌తో బీమర్ తప్పుకున్నా, కొత్త హెడ్ కోచ్ ఈయన్ను ఉంచుకున్నాడు. ఇది అరుదు. హెడ్ కోచ్ మాత్రం ఎప్పుడూ కాలేదు.

డబ్బు సంగతా? పెద్ద కాలేజీల్లో పేరున్న కోఆర్డినేటర్లు ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటుతున్నారు. చిన్న కాలేజీల్లో ఆ ఊసే ఉండదు.