జాజ్ బ్యాండ్‌లో ఇంప్రొవైజేషన్ నిజంగా అప్పటికప్పుడు పుట్టేదేనా?

సోలోలన్నీ ముందే ప్రాక్టీస్ చేసుకొచ్చి, స్టేజీ మీద అప్పుడే పుట్టినట్టు నటిస్తారా అని అడిగారు. నేను ఒక చిన్న క్వార్టెట్‌లో, అంటే నలుగురి బృందంలో, బేస్ వాయిస్తాను. ఎవరికి వాళ్ళకి అలవాటైన ముక్కలు కొన్ని ఉంటాయి, అబద్ధమెందుకు. కానీ సోలో మొత్తం బట్టీ పట్టి వచ్చినవాడు రెండో పాటకే దొరికిపోతాడు.

మేం ముందుగా అనుకునేది పాట పేరు, కీ (శృతి), టెంపో (వేగం), అంతే. మెలొడీ ఒకసారి వాయించి, దాని కింద నడిచే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మీదే వంతులవారీగా సోలోలు తీసుకుని, చివర్లో మళ్ళీ మెలొడీకి వస్తాం.

ఒకసారి ‘సో వాట్’ ఎత్తుకున్నాం. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డ్ చేసింది. 32 బార్లు (బార్ అంటే తాళంలో ఒక చుట్టు): 16 బార్లు డి డోరియన్ అనే స్కేల్, తర్వాత 8 బార్లు అదే స్కేల్ హాఫ్ స్టెప్ పైన, అంటే ఆ పక్క స్వరమైన ఇ ఫ్లాట్ మీద, చివరి 8 మళ్ళీ డి. చూడ్డానికి ఇంత సులువైంది ఇంకోటి లేదు. కానీ అంతసేపు ఏమీ మారకపోతే ఎక్కడున్నామో లెక్క తప్పడం ఖాయం. మా శాక్సోఫోన్ ఆయన మంచి ఊపులో ఉండి తప్పాడు. నేనూ పియానో ఇ ఫ్లాట్‌కి వెళ్ళిపోయాం, ఆయనింకా డి లోనే ఉన్నాడు. చెవులు గింగిర్లెత్తాయి! ఆయన ఆగితే ఒట్టు. అప్పుడే వాయించిన ముక్కని హాఫ్ స్టెప్ పైకి జరిపి, అదే లయలో మళ్ళీ వాయించాడు. డ్రమ్మర్ ఆ లయని స్నేర్ డ్రమ్ మీద అందుకున్నాడు. కావాలనే చేశాడనుకుని జనం చప్పట్లు కొట్టారు.

అది ఏ రిహార్సల్లో దొరుకుతుంది చెప్పండి? పాట ఎముకల్లోకి ఇంకి ఉండాలి, పక్కవాడిని వింటూ ఉండాలి. శాక్సోఫోన్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ 1939లో వాయించిన ‘బాడీ అండ్ సోల్’ వినండి, మొదటి కొన్ని బార్లు దాటాక అసలు మెలొడీ దాదాపు వినిపించదు, అయినా పాట ఎక్కడికీ పోదు. ఇప్పుడేమో ప్రతివాడూ ట్యాబ్‌లో రియల్ బుక్ (జాజ్ పాటల మెలొడీలు, కార్డ్స్ రాసి ఉండే పుస్తకం) తెరిచి తల దించుకుని వాయిస్తున్నాడు. మూడొందల పాటలు వచ్చంటాడు, ఒక్కటీ చూడకుండా రాదు. అలాంటివాళ్ళకి ఇంప్రొవైజేషన్ ఎప్పటికీ అబ్బదు, రాసిస్తాను.

అన్నట్టు, బేస్ సోలో మొదలవగానే పక్కవాళ్ళతో కబుర్లు పెట్టుకోకండి. పియానో ఆగేదీ, డ్రమ్స్ తగ్గేదీ మీరు మాట్లాడుకోవడానికి వీలుగా ఉంటుందని కాదు.