చల్లని బండి డ్రైవరుగా చేరే ముందు

ప్రశ్న: మాది కావలి. నా వయసు 36. పదకొండేళ్లు ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా పనిచేశాను. యజమాని వ్యాపారం మానుకోవడంతో నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్నాను. కారు లైసెన్సు తీసుకొని తొమ్మిదేళ్లయింది. నెల్లూరులో ఒకరికి శీతల యంత్రం ఉన్న కంటైనరు బండ్లున్నాయి. గడ్డకట్టించిన రొయ్యలు, ఐస్‌క్రీము, పాల పదార్థాలు చెన్నైకీ ఒంగోలుకూ చేరవేస్తారు. జీతం, ట్రిప్పుకు బత్తా ఇస్తామంటున్నారు కాని, సరుకు చెడిపోతే నష్టం డ్రైవరే భరించాలని షరతు పెట్టారు. నా లైసెన్సు సరిపోతుందా? మా బావమరిదేమో ‘ఒకరి కింద ఎందుకు బావా, అక్క నగలు కుదువపెట్టి ఫైనాన్సులో సొంత బండి తీసుకో’ అంటున్నాడు. రాత్రి ప్రయాణాలంటే నా భార్యకు భయం. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఉద్యోగంలో చేరండి. అయితే ఆ షరతును ఇప్పుడున్నట్టుగా ఒప్పుకోకండి, నగల జోలికి అసలే పోకండి.

మొదట లైసెన్సు సంగతి. మీకిచ్చే బండి ఆర్‌సీలో స్థూల బరువు, అంటే బండి, సరుకు కలిపి మోయదగిన మొత్తం బరువు, ఎంత రాసి ఉందో చూడండి. అది 7,500 కిలోలు మించకపోతే తేలికపాటి వాహన లైసెన్సుతోనే, అంటే మీ కారు లైసెన్సుతోనే, సరుకు బండి నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. అంతకన్నా పెద్ద బండి అయితే హెవీ లైసెన్సు తప్పనిసరి. దానికి ముందు ఏడాదిపాటు తేలికపాటి వాహన లైసెన్సు ఉండాలన్న నిబంధన మీకు అడ్డుకాదు. డ్రైవింగ్ స్కూలు శిక్షణ ధ్రువపత్రం, వైద్య ధ్రువపత్రం సిద్ధం చేసుకోవాలి.

ఇక పని స్వభావం. మన జిల్లాలో రొయ్యల బండి అనగానే చెరువు గట్టు నుంచి ఫ్యాక్టరీకి ఐసు వేసుకొని, వెనక నీళ్లు కారుస్తూ పోయే బండి గుర్తుకొస్తుంది. మీరు తోలబోయేది అది కాదు. గడ్డకట్టించిన సరుకు గమ్యం చేరేదాకా మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. కొత్తవాళ్లు చాలామంది పొరబడే విషయం ఒకటుంది: బండిలోని యంత్రం ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుందే గాని, వెచ్చబడిన సరుకును మళ్లీ గడ్డకట్టించడానికి చేసింది కాదు. అందుచేత లోడు ఎక్కకముందే కంటైనరును చల్లబరచాలి, లోడు ఎక్కేటప్పుడు తలుపులు తెరిచి ఉంచి యంత్రాన్ని నడపకూడదు, ఎందుకంటే బయటి తేమగాలి లోపలికి చేరి యంత్రం గొట్టాలపై మంచుగా పేరుకుంటుంది, ఆ తరువాత దారి పొడవునా చల్లదనం సరిగా అందదు. హమాలీలు తొందరలో అట్టపెట్టెలను పైకప్పు దాకా పేర్చేస్తే కూడా ఇదే ఇబ్బంది, గాలి తిరగడానికి పైనా పక్కలా సందు వదిలించాలి. తలుపు చుట్టూ ఉండే రబ్బరును రోజూ వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా చిట్లి ఉంటే చల్లదనం అక్కడి నుంచే పోతుంది.

లోడింగు దగ్గర మీరు నేర్చుకోవలసిన అసలు విద్య ఇది. రెండు పెట్టెల మధ్య థర్మామీటరు ఉంచి, కాసేపాగి అంకె చూడండి. పెట్టెల మూలలు మెత్తబడి ఉన్నాయా, అట్టపై తడి ఆరిన మరకలున్నాయా గమనించండి, ఉంటే ఆ సరుకు అంతకుముందే ఒకసారి కరిగి ఉండవచ్చు. ఆ అంకెనూ, ఆ మరకలనూ, బయలుదేరిన సమయాన్నీ సరుకుతో ఇచ్చే చలానాపై రాసి, గోదాము మనిషి చేత సంతకం పెట్టించి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. దించేచోట కూడా అంతే. ఈ పనికి పది నిమిషాలు పడుతుంది, పక్క బండివాళ్లు విసుక్కుంటారు, అయినా మానకండి.

ఎందుకంటే మీ యజమాని పెట్టిన షరతుకు సమాధానం ఆ కాగితమే. డ్రైవరుకు అప్పగించిన సరుకు పాడైతే, అది అతని నిర్లక్ష్యం వల్లనే జరిగినప్పుడు మాత్రమే, అదీ అతని సంజాయిషీ విన్న తరువాతనే జీతంలో కోత వేయడానికి వేతనాల చట్టం ఒప్పుకుంటుంది. యంత్రం మరమ్మతు చేయించకపోవడం, గోదాములోనే సరుకు వెచ్చబడడం మీ తప్పులు కావు. ‘నా నిర్లక్ష్యం రుజువైతేనే’ అన్న మాట చేర్చి, షరతును కాగితం మీద పెట్టమని మర్యాదగానే అడగండి. అందుకు ససేమిరా అనే యజమాని దగ్గర చేరకపోవడమే మీకు మేలు, ఒక్క లోడు రొయ్యల విలువ మీ ఏడాది జీతాన్ని దాటిపోగలదు.

మీ బావమరిది మంచి కోరే చెప్పి ఉంటాడు. కాని మామూలు లారీకి ఉండే వాయిదా, టైర్లు, బీమా, ఫిట్‌నెస్ ఖర్చులకు తోడు ఈ బండికి శీతల యంత్రం మరమ్మతు, దానికయ్యే డీజిలు అదనం. సరుకు దొరకని నెలలోనూ వాయిదా ఆగదు. కనీసం ఏడాదిపాటు ఒకరి బండి తోలి, తిరుగు ప్రయాణంలో లోడు ఎవరిస్తారో, ఏ నెలల్లో గిరాకీ పడిపోతుందో స్వయంగా చూసిన తరువాతే ఆ ఆలోచన చేయండి.

మీ ఇల్లాలి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లే, రోడ్డు బాగుంటుంది. ఆ సాఫీ రోడ్డే రాత్రి రెండు నుంచి అయిదు గంటల మధ్య కళ్లు మూయిస్తుంది. మొదటి మూడు నెలలు పగటి ట్రిప్పులు, ఒంగోలు లైను అడగండి. చట్ట ప్రకారం డ్రైవరు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. లోడింగు కోసం ఎదురుచూసిన సమయాన్ని కూడా మీ డైరీలో రాసుకోండి, ఎందుకంటే పగలంతా గోదాము ముందు కాచుకొని రాత్రికి స్టీరింగు పట్టిన మనిషి అప్పటికే అలసి ఉంటాడు. రెప్ప బరువెక్కితే టీతో సరిపెట్టకుండా, దీపాలున్న పెట్రోలు బంకులో బండి ఆపి అరగంట నిద్రపోండి, శీతల యంత్రం మాత్రం నడుస్తూనే ఉండాలి. ఆ అరగంట ఆలస్యానికి బత్తాలో కోత ఉండదని చేరే రోజే యజమాని చేత చెప్పించుకోండి.