ట్రయల్ మందు తర్వాత జ్వరం వస్తే

లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) మందు ట్రయల్‌లో రెండో డోసు తర్వాత మీ చెల్లెలికి జ్వరం, తలనొప్పి వచ్చాయి, తప్పుకోవాలా అని అడిగారు కదండీ. ముందు ఇప్పుడే ట్రయల్ డాక్టరుకు ఫోన్ చేయండి. సమ్మతి పత్రంలో నంబరు చూడండి. లూపస్‌లో జ్వరం మందు వల్లే అనుకోలేం. ఇన్ఫెక్షన్ కావచ్చు, జబ్బే తిరగబెట్టి ఉండొచ్చు. పరీక్షలు చేస్తేనే తేలుతుంది. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

చిన్న దద్దురైనా దాచొద్దని చెప్పండి. అనిఫ్రోలుమాబ్ అనే లూపస్ మందు ట్రయల్స్‌లో సర్పి ఎక్కువగా కనిపించింది, ఇలాంటివి తెలిసేది చెప్పినప్పుడే. మొదటి దశ ట్రయల్ ముఖ్య ఉద్దేశమే మందు ఎంత సురక్షితమో చూడటం, మొహమాటం వద్దు.

తప్పుకునే హక్కు తనకు ఎప్పుడూ ఉంటుంది. కానీ స్టెరాయిడ్లు వాడుతుంటే మాత్రం వాటిని సొంతంగా ఆపనివ్వకండి, అది చాలా ప్రమాదం.