చైనా వైద్యంలో ప్రొఫెసర్ కావాలంటే ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి బీఏఎంఎస్ చదివి ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉంది. హాంగ్‌కాంగ్ వెళ్లి చైనా వైద్యంలో పీహెచ్‌డీ చేస్తుందట. అక్కడే యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, పేషెంట్లను చూస్తూ, క్లినికల్ రీసెర్చ్ చేస్తుందట. ఎండీ ఆయుర్వేద ఎంట్రన్స్ రాయమంటే వినడం లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. అసలు ఇది ఒక ఉద్యోగమేనా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: నమస్కారం అండి. మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఇది ఉద్యోగమే. చైనాలో 1956లోనే బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూ నగరాల్లో తమ సంప్రదాయ వైద్యానికి ప్రత్యేక కాలేజీలు పెట్టారు. అవి ఇప్పుడు పెద్ద యూనివర్సిటీలు. హాంగ్‌కాంగ్‌లో బాప్టిస్ట్ యూనివర్సిటీ 1998లో చైనా వైద్యంలో డిగ్రీ మొదలుపెట్టింది. మరో రెండు యూనివర్సిటీలు కూడా ఆ కోర్సు నడుపుతున్నాయి. ఆస్ట్రేలియా 2012 నుంచి దేశమంతటా చైనా వైద్యులను రిజిస్టర్ చేస్తోంది. ఇన్ని చోట్ల పాఠాలు చెప్పేవాళ్లు, మందులను మనుషుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ నడిపేవాళ్లు కావాలి కదా.

అయితే మీ అమ్మాయి చెబుతున్నది ఒక ఉద్యోగం కాదు, మూడు. తరగతిలో పాఠం చెప్పడం, విద్యార్థులను పక్కన పెట్టుకుని నాడి పట్టి, నాలుక చూసి మందు రాయడం, పరిశోధన చేయడం. మొదటిదానికీ మూడోదానికీ పీహెచ్‌డీతో దారి దొరుకుతుంది. మధ్యదానికి దొరకదు. పీహెచ్‌డీ ఉన్నంత మాత్రాన హాంగ్‌కాంగ్‌లో పేషెంటుకు మందు రాసే హక్కు రాదు. అక్కడ 1999లో చట్టం చేసి చైనా వైద్య మండలి పెట్టారు. గుర్తింపు ఉన్న డిగ్రీ చదివి లైసెన్సు పరీక్ష పాసైతేనే రిజిస్ట్రేషన్. బాప్టిస్ట్ యూనివర్సిటీలో ఆ డిగ్రీ ఆరేళ్లు. దాని పైన భాష ఒకటి. వచ్చే పేషెంట్లు మాట్లాడేది కాంటనీస్.

ఆ చట్టంలోనే ‘పరిమిత రిజిస్ట్రేషన్’ అని ఒకటి ఉంది. బయటి నుంచి పేరున్న చైనా వైద్యులను యూనివర్సిటీలు పిలిపించుకుని క్లినికల్ పాఠాలు, పరిశోధన చేయించుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. సొంత ప్రాక్టీసు పెట్టుకోనివ్వరు. గడువు ఏడాదికి మించదు, మళ్లీ పొడిగించుకోవాలి. బీఏఎంఎస్ అమ్మాయికి అది వర్తిస్తుందని ఎవరైనా కన్సల్టెన్సీ వాళ్లు చెబితే నమ్మకండి. చైనా వైద్యంలో ముందే అనుభవం ఉన్నవాళ్లకే అది.

మీ అమ్మాయికి తెరిచి ఉన్న దారి పరిశోధన. దాన్ని రెండో రకం దారి అనుకోకండి. 2015లో నోబెల్ అందుకున్న చైనా శాస్త్రవేత్త తూ యూయూ చదివింది ఫార్మసీ. ఆమెకు డాక్టరేట్ కూడా లేదు. మలేరియా మందు కోసం వెతుకుతూ దాదాపు 1,600 ఏళ్ల నాటి గ హోంగ్ అనే చైనా పండితుడి వైద్య గ్రంథంలో ఒక వాక్యం చదివారు: మొక్కను నీళ్లలో నానబెట్టి రసం పిండి తాగాలని. కాచమని లేదే, అంటే వేడికి గుణం పోతోందేమో అని అనుమానం వచ్చింది. 1971లో తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో సారం తీశారు. ఆర్టెమిసినిన్ అనే ఆ మలేరియా మందు అలా దొరికింది. శ్లోకం చదివి కషాయ కల్పన చేసిన మీ అమ్మాయికి ఆ అనుమానం ఎంత విలువైనదో వెంటనే అర్థమవుతుంది.

ఇక క్లినికల్ ట్రయల్ విషయం. అసలు కష్టం, అసలు అందం రెండూ ఇక్కడే ఉన్నాయి. చైనా వైద్యంలో ఒకే జబ్బుకు మనిషిని బట్టి మందు మారుతుంది, మన ఆయుర్వేదంలో శరీర తత్వం చూసే ప్రకృతి పరీక్ష లాగే. మరి అందరికీ ఒకే మందు ఇచ్చి తూచే ట్రయల్‌లో దాన్ని ఎలా పరీక్షించాలి? సిడ్నీలో ఐబీఎస్ అనే పేగుల జబ్బు ఉన్న 116 మందితో చేసిన ట్రయల్ 1998లో అచ్చయింది. కొందరికి మనిషితో తేడా లేకుండా ఒకే ఫార్ములా, కొందరికి మనిషిని చూసి కలిపిన మందు, మిగిలినవాళ్లకు మందు లేని ప్లాసిబో. 16 వారాల తర్వాత మందు వాడిన రెండు గుంపులూ ప్లాసిబో కన్నా మెరుగ్గా ఉన్నాయి. మందు ఆపిన 14 వారాలకు చూస్తే మనిషిని బట్టి కలిపిన మందు తాగినవాళ్లకే ఆ గుణం నిలిచింది. 2006లో హాంగ్‌కాంగ్ ట్రయల్ ఒకటి వచ్చింది. విరేచనాలు ఎక్కువగా ఉండే ఐబీఎస్‌కి అందరికీ ఒకే ఫార్ములా ఇచ్చారు. అది ప్లాసిబోను దాటలేదు.

ఆక్యుపంక్చర్ సంగతీ అంతే. జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1,162 మందితో చేసిన ట్రయల్ 2007లో వచ్చింది. సరైన చోట సూదులు వేయించుకున్నవాళ్లలో 47.6 శాతం మందికి, చోటు కాని చోట పైపైన గుచ్చించుకున్నవాళ్లలో 44.2 శాతం మందికి ఉపశమనం. మామూలు చికిత్సలో 27.4 శాతమే. సూది పనిచేస్తుందనేవాళ్లూ, చోటుతో పనేముంది అనేవాళ్లూ ఇదే ట్రయల్ చూపిస్తారు. తరగతిలో నిలబడి ఈ రెండు సగాలనూ విద్యార్థులకు చెప్పగలిగినవాళ్లే నా లెక్కలో మంచి టీచర్లు.

ఇంకో సంగతి, ఇది ఆమె బలం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో ‘ఫాంగ్ జీ’ అనే మూలిక బదులు పేరు కలిసిన మరో మొక్క మందులో పడింది. వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. కారణం అరిస్టొలోకిక్ ఆమ్లం. మన పల్లెల్లో విషానికి విరుగుడుగా చెప్పుకునే నల్ల ఈశ్వరి కూడా అదే జాతి మొక్క. ఆయుర్వేదంలో మూలికల గురించి చెప్పే ద్రవ్యగుణం శ్రద్ధగా చదివిన విద్యార్థికి మొక్కను గుర్తుపట్టడం ప్రాణంతో సమానమైన పని అని తెలుసు. దరఖాస్తులో ఆమె గట్టిగా రాసుకోవాల్సింది ఇదే.

ఇప్పుడు మీ ఇద్దరి గొడవ. ఎండీ విషయంలో మీ మాట సరైనదే, కానీ కారణం వేరు. చైనా వైద్యం మన ఎన్‌సీఐఎస్‌ఎం (భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్) పరిధిలో లేదు. రేపు తిరిగొస్తే, ఇక్కడి ఆయుర్వేద కాలేజీలో పాఠం చెప్పడానికి కావాల్సింది ఆయుర్వేద పీజీయే. హాంగ్‌కాంగ్ పీహెచ్‌డీ దాని స్థానంలో నిలబడదు. అందుకే ముందు ఎండీ చేసి, థీసిస్‌ను సరైన రాండమైజ్డ్ ట్రయల్‌గా (ఎవరు ఏ గుంపులోకి వెళ్తారో లాటరీలా తేల్చే ట్రయల్) దేశంలోని ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు చేసి నడపమని నా సలహా. ఆ మూడేళ్లలోనే ట్రయల్ నడిపే నియమాలు నేర్పే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ శిక్షణ, వైద్య లెక్కల శాస్త్రమైన బయోస్టాటిస్టిక్స్, హైదరాబాద్‌లో భాషలు నేర్పే ఇఫ్లూ యూనివర్సిటీలో గానీ ఇంకెక్కడైనా గానీ చైనీస్ భాష. పాత గ్రంథాల మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లోనే ఉన్న భారతీయ వైద్య వారసత్వ సంస్థకు ఒకసారి వెళ్లి రమ్మనండి. ఎండీ చేసినా, చేయకపోయినా రాష్ట్ర బోర్డులో ఆమె రిజిస్ట్రేషన్ మాత్రం గడువు దాటనివ్వకండి.

డబ్బు గురించి మరీ భయపడకండి. హాంగ్‌కాంగ్ పీహెచ్‌డీ ఫెలోషిప్ 2009 నుంచి విదేశీ విద్యార్థులకూ ఇస్తున్నారు, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. దరఖాస్తులు సెప్టెంబర్‌లో మొదలై డిసెంబర్ ఒకటితో ముగుస్తాయి. పోటీ గట్టిది కాబట్టి గైడ్‌కు ఏడాది ముందే ఉత్తరం రాయాలి. ‘మీ దగ్గర చదవాలని ఉంది’ అని కాదు, ఆ ప్రొఫెసర్ ట్రయల్ ఒకటి చదివి దాని మీద ఒక ప్రశ్న అడుగుతూ రాయాలి.

ఇంటర్న్‌షిప్ అయ్యేలోపు ఒక పని చేయండి. ఆ 2006 హాంగ్‌కాంగ్ ట్రయల్ చదివి, రాత్రి భోజనాల దగ్గర మీకు తెలుగులో వివరంగా చెప్పమనండి. ఆ మందు ఎందుకు గెలవలేదో తనే నాలుగు కారణాలు వెతుక్కుంటూ, ఇంకో ట్రయల్ ఎలా చేయాలో కాగితం మీద గీయడం మొదలుపెడితే ఆమెకు అడ్డు చెప్పకండి. ఎంట్రన్స్ పుస్తకాలు, చైనీస్ పుస్తకం రెండూ ఒకే రోజు కొనివ్వండి.